ఐదెకరాలు సరే, నీళ్ళెక్కడివి? కోస్టియా కౌంటీ ఫార్వర్డ్‌కి జవాబు

అమెరికాలో మనోళ్ళ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాట ఇది. కొలరాడో దక్షిణాన కోస్టియా కౌంటీలో 5 ఎకరాలు కొన్ని వేల డాలర్లకే వస్తున్నాయంట, బోరు వేసుకో, సోలార్ పెట్టుకో, కూరగాయలు కోళ్ళు పెంచుకో, వాన నీళ్ళు పట్టుకో, కట్టెలు కొండ మీద ఫ్రీ, అడిగేవాడు లేడు, రేపు లేఆఫ్ వచ్చినా కరెంట్ పోయినా నీ బతుకు నువ్వు బతికేయొచ్చు అని. ఇందులో ధర నిజం. ఎండ కూడా నిజమే, సోలార్‌కి అమెరికాలో మంచి చోట్లలో అదొకటి. మిగతావి మాత్రం ఒక్కొక్కటి పట్టి చూడాలి, ఎందుకంటే వీసా టెన్షన్లో ఉన్న కుర్రోళ్ళు స్థలం చూడకుండానే ఆన్‌లైన్లో కొనేద్దామా అని అడుగుతుంటే భయమేస్తోంది.

"బోరు వేసుకుని తోట పెంచుకోవచ్చు" అంటున్నారు. అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. మన దగ్గర పొలం కొంటే కింద నీళ్ళు కూడా మనవే అన్నట్టు బోరు దించేస్తాం, కొలరాడోలో అలా కాదు, భూమి వేరు నీళ్ళు వేరు. నీటి హక్కుకి ఒక తేదీ ఉంటుంది, ముందు వాడుకున్నోడిదే ముందు హక్కు, ఏరు తగ్గితే పాత తేదీ ఉన్నోడికి పారాకే కొత్తోడికి. దాని పైన 1938 నాటి రియో గ్రాండే నది ఒప్పందం ప్రకారం కిందున్న న్యూ మెక్సికో, టెక్సస్‌లకి నీళ్ళు వదలాలి. అంటే ఆ నీళ్ళ పంపకం ఎప్పుడో అయిపోయింది, మనం ఇప్పుడెళ్ళి కొత్తగా అడిగేందుకు ఏమీ మిగల్లేదు. బోరుకి స్టేట్ పర్మిట్ కావాలి, 35 ఎకరాల లోపు పాత లాట్లకి మామూలుగా వచ్చేది "ఇంటి వాడకానికి మాత్రమే" అనే పర్మిట్. వంట, స్నానం, బాత్రూమ్, బట్టలు, అంతే. ఆ నీళ్ళు బయట ఒక్క టమాటా మొక్కకి పోయకూడదు, మేకకి పెట్టకూడదు, కోళ్ళకీ అంతే. 35 ఎకరాలు, ఆ పైన ఉంటే ఒక ఎకరం దాకా తోట, పశువులు పెట్టుకునే పర్మిట్ రావచ్చు, కానీ ఫార్వర్డ్‌లో ఊదరగొడుతున్నది 5 ఎకరాల ముక్కల గురించి. అవి చాలావరకు 1970లకి అటూ ఇటూ వేసిన వెంచర్లే, పెద్ద రాంచ్‌లని ముక్కలు చేసి అమ్మినవి, అప్పట్నుంచీ చేతులు మారుతూ వస్తున్నాయి. ఇల్లు కట్టి ఉండిపోయినోళ్ళ కంటే కొని వదిలేసినోళ్ళే ఎక్కువ. బోరు ఖర్చు లాటు ధరని దాటిపోవడం కూడా అక్కడ మామూలే.

మరి బోరు లేనోళ్ళు ఏం చేస్తారంటే నీళ్ళు తోలుకుంటారు. 275 గ్యాలన్ల తెల్ల ప్లాస్టిక్ ట్యాంకు, చుట్టూ ఇనప చట్రం, చూసే ఉంటారు. అది నిండితే టన్ను పైనే బరువు, మామూలు పికప్‌లకి చాలావాటికి అది ఓవర్‌లోడే, కాబట్టి సగమో ముప్పావో నింపుకుని మట్టి రోడ్ల మీద ఈడ్చుకెళ్ళాలి, చలికాలంలో వాల్వు గడ్డకట్టేస్తే అదింకో తలనొప్పి. ట్రక్కు, పెట్రోలు, ఇంకొకడి కుళాయి, ఈ మూడింటి మీద ఆధారపడ్డాక అది సొంత కాళ్ళ మీద బతకడం ఎలా అవుతుంది?

"వాన నీళ్ళు పట్టుకోవచ్చు" కూడా విన్నా. ఆ లాట్లున్న సాన్ లూయిస్ లోయలో ఏడాదంతా కలిపి పడేది 7, 8 అంగుళాలు, అంటే 200 మిల్లీమీటర్లు. కరువుకి పేరుపడ్డ మన అనంతపురంలోనే 550 దాకా పడుతుంది. పైగా 2016 చట్టం ప్రకారం మామూలు ఇంటికి రెండు డ్రమ్ములు, మొత్తం 110 గ్యాలన్ల దాకే పట్టుకోవచ్చు. బోరు పర్మిట్‌కి అర్హత ఉన్న పల్లె ఇళ్ళకి 2009 చట్టం కింద వేరే పర్మిట్ ఉంది, కాకపోతే ఆ నీళ్ళు కూడా బోరు పర్మిట్‌లో రాసున్న పనులకే వాడాలి, అంటే తిరిగి తిరిగి అక్కడికే.

పోనీ నీళ్ళు దొరికాయే అనుకుందాం. లోయ అడుగే దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఉంది. మంచు పడని కాలం మూడు నెలలు అటూ ఇటూ, జూన్ మొదట్లో కూడా మొక్కలు మాడిపోతాయి, సెప్టెంబర్లో మళ్ళీ మొదలు. ఆలుగడ్డ, బార్లీ, అల్ఫాల్ఫా పశుగ్రాసం, బొలీటా అనే అక్కడి రకం బీన్స్ బాగా పండుతాయి. బెండ, వంకాయ, మిర్చి ఆరుబయట వేస్తే కాపు అందుకునేసరికి మంచొచ్చేస్తుంది, బియ్యం కందిపప్పు సంగతి అడగనే అక్కర్లేదు. పక్క కౌంటీలోని అలమోసాలో 1948 జనవరిలో మైనస్ 50 ఫారెన్‌హీట్ నమోదైంది. ఆ చలికి సోలార్ కరెంటు ఒక్కదాని మీద ఇల్లు వెచ్చబెట్టడం కష్టం, కట్టెలో ప్రొపేన్ గ్యాసో కావాలి.

కట్టెలంటే గుర్తొచ్చింది, "కొండ మీద ఫ్రీ" అన్న మాట నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఆ కౌంటీ మెక్సికో కాలం నాటి సాంగ్రే డి క్రిస్టో గ్రాంటు భూమి, అంటే మన ఇనాం లాంటిది, అందుకే అక్కడ ఫెడరల్ అడవి దాదాపు లేదు, కొండ ప్రైవేటుది. 1960లో ఒకాయన కొండ కొని కంచె వేస్తే అక్కడి స్పానిష్ కుటుంబాలు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగి 2002లో కొలరాడో సుప్రీం కోర్టులో పశువుల మేత, వంటచెరుకు, కలప హక్కులు తిరిగి తెచ్చుకున్నాయి. ఆ హక్కు గ్రాంటు కాలంలో స్థిరపడ్డవాళ్ళ భూములకి చెందింది. ఆన్‌లైన్లో లాటు కొన్నోడు గొడ్డలి పట్టుకెళ్తే అది దొంగతనమే.

"రూల్స్ లేవు" అన్నది ఎంత తప్పో 2015లోనే తేలింది, ఆర్‌వీల్లో (ఇల్లులా వాడుకునే బండ్లు), గుడారాల్లో కరెంటు, నీళ్ళ లైన్లు లేకుండా ఉంటున్న ఆఫ్‌గ్రిడ్ జనం మీద కౌంటీ రూల్స్ బిగిస్తే పెద్ద గొడవే అయింది. ఇల్లు కట్టాలంటే పర్మిట్, సెప్టిక్ ట్యాంకు తప్పవు.

"ఆపదొస్తే అక్కడ సేఫ్" అంటున్నారు, 2018 జూన్‌లో ఆ కౌంటీలోనే ఫోర్ట్ గార్లండ్ దగ్గర మొదలైన స్ప్రింగ్ క్రీక్ కార్చిచ్చు 1,08,000 ఎకరాలు కాల్చేసింది, వందకి పైగా ఇళ్ళు పోయాయి. పెద్దాసుపత్రి అలమోసాలో, కౌంటీ కేంద్రమైన సాన్ లూయిస్ ఊరి నుంచి 40 మైళ్ళు. ఊరు ఎంచుకునే ముందు వైద్యుడున్నాడా, ఎండని ఏరుందా అని చూడమన్నారు మన పెద్దోళ్ళు.

అక్కడ నిజంగా తట్టుకుని బతికినోళ్ళు లేరా అంటే ఉన్నారు. 1851లో పుట్టిన సాన్ లూయిస్ కొలరాడోలోకెల్లా పాత ఊరు, వాళ్ళ పీపుల్స్ డిచ్ కాలువ హక్కు 1852ది, రాష్ట్రంలో ఇప్పటికీ వాడుకలో ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది. ప్రతి వసంతంలో కాలువ కింద భూములున్నోళ్ళు పారలు పట్టుకుని పూడిక తీస్తారు, ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్ళో చూసే మేయోర్‌డోమో ఉంటాడు, మన చెరువుల కింద నీరటికాడిలాగా. పశువులకి ఊరుమ్మడి బీడు ఉంది. ఒంటరిగా కంచె వేసుకుని కూర్చోబట్టి కాదు, నీళ్ళు పంచుకోబట్టే వాళ్ళు 170 ఏళ్ళు నిలిచారు.

ఇంకా కొనాలనే ఉంటే పార్సెల్ నంబర్ పట్టుకుని ముందు కొలరాడో డివిజన్ ఆఫ్ వాటర్ రిసోర్సెస్‌కి ఫోన్ చేసి ఆ లాటుకి ఏ రకం బోరు పర్మిట్ వస్తుందో అడగండి, తర్వాత కౌంటీ ల్యాండ్ యూజ్ ఆఫీసుని సెప్టిక్ గురించి అడగండి. అమ్మేవాడు "నీటి హక్కుతో సహా" అంటే డీడ్‌లో, అంటే దస్తావేజులో, ఆ హక్కు ఎక్కడ రాసుందో, దాని తేదీ ఏంటో చూపించమనండి, చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.