సవరణ: బోర్లా పడుకోబెట్టింది ఎవరెవరిని?

కోవిడ్ వార్డు డ్యూటీల గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. జనతా కర్ఫ్యూ రోజునే హెలికాప్టర్లతో ఆసుపత్రుల మీద పూలు చల్లారన్నాను. కాదు, చప్పట్లు 2020 మార్చి 22న, పూలు మే 3న. గుంటూరులో మా వార్డు మీద ఒక్క రేకూ పడలేదు లెండి, అది వేరే సంగతి.

రెండోదే అసలు తప్పు. వెంటిలేటర్ మీదున్నవాళ్లనే బోర్లా పడుకోబెట్టేవాళ్లమని రాశాను. మాస్కుతో ఆక్సిజన్ పెట్టుకుని మెలకువగా ఉన్నవాళ్లని కూడా బోర్లా పడుకోమనేవాళ్లం. అలా ఉంటే ఊపిరితిత్తుల వెనక భాగానికీ గాలి బాగా అందుతుంది.

2021 మేలో మిర్చి యార్డులో హమాలీ పనిచేసే బాబాయ్ ఒకాయన ససేమిరా అన్నాడు. "గుండె పట్టేస్తదమ్మా" అని భయం. ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు సర్ది, ఆక్సీమీటరు ఆయన కళ్లెదుటే పెట్టాను. కాసేపటికి 86 కాస్తా 92 అయింది. ఇక నేను చెప్పకుండానే బోర్లా తిరిగేవాడు. పీపీఈ కిట్లో మొహాలు కనపడవని వీపు మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవాళ్లం. ఆయనకి చదువు రాదు, పక్క బెడ్డాయన చేత చదివించుకుని మరీ పిలిచేవాడు.

పాత పోస్టులో ఆ లైన్లు మార్చాను. తప్పు పట్టుకుంది మా పాత ఇన్‌ఛార్జి సిస్టర్ గారే. రిటైరైనా వదలరు ఆవిడ!