బాదంపాల డబ్బా వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బాదంపాల డబ్బా వారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. పాలు, పెరుగు, తేనె లాంటి జంతువుల సరుకేదీ ముట్టని వీగన్ మేనకోడలు వస్తోందని ఎర్రటి ఎండలో కొట్టు కొట్టూ తిరిగి, మూడు వందల పైచిలుకు సమర్పించి తమరిని ఇంటికి తెచ్చుకున్నాం. తమరేమో ఫిల్టర్ కాఫీలో పడీ పడగానే విరిగిపోయారు. "అత్తా, కాఫీ చల్లారాక పోయాల్సింది" అట. చల్లారిన కాఫీ! పోనీ, తోడు వేద్దామంటే తోడుకోరు. విరగమంటే మాత్రం అడక్కుండానే విరుగుతారు.

కళ్లజోడు పెట్టుకుని తమరి వీపు చదివాను. మొదటి పేరు నీళ్లు. బాదం నూటికి రెండు మూడు పాళ్లు. పాలవాడు చెంబెడు నీళ్లు కలిపితే వీధంతా వినబడేలా తిట్టేదాన్ని, తమరి నీళ్లకి బిల్లు కట్టి సంచీ కూడా కొనుక్కొచ్చాను.

ఆ కాస్త బాదమైనా ఎక్కడిది? ప్రపంచపు బాదంలో నూటికి 80 పాళ్లు ఒక్క కాలిఫోర్నియాదే. మాటిమాటికీ కరువొచ్చే ఆ నేల మీద ఒక్కో గింజ లీటర్ల కొద్దీ నీళ్లు తాగుతుంది. పూత కాయగా మారాలంటే తేనెటీగలు కావాలి కనక, ఏటా ఫిబ్రవరిలో అమెరికా నలుమూలల నుంచీ తేనెపెట్టెల్ని లారీలకెక్కించి తోటల్లో దింపుతారు. తేనె చుక్క ముట్టని మా పిల్లకి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

కర్బన లెక్కలో ఆవుపాలకన్నా తమరే నయం, కాదనను. నెమరేసే పశువు వదిలే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు తక్కువేం కాదు. ఓడెక్కి రావడమూ అంత పెద్ద పాపం కాదు, తిండి కాలుష్యంలో రవాణా వాటా మామూలుగా తక్కువే. "మన ఊరి పంట" అని బోర్డు పెట్టి రెట్టింపు గుంజే కొట్లవాళ్లు మురిసిపోనక్కర్లేదు. నీళ్లు నిలబెట్టి పండించే వరీ లోకలే, దానికీ మీథేన్ ఉంది.

నా మంటంతా నీళ్ల దగ్గరే. మాది అనంతపురం. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. అక్కడ వానని నమ్ముకుని శెనక్కాయ వేస్తారు. వాన ముఖం చాటేస్తే పంట పోయి అప్పు మిగులుతుంది. ఆ గింజలే నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండితే పాలు రావా? రాగిసంగటిలో, గోంగూర పచ్చడిలో, శెనగ్గింజల పొడిలో పాలెక్కడున్నాయి, పెరుగెక్కడుంది? ఈ పిల్ల పుట్టినప్పట్నుంచీ సగం పూటలు వీగనే. ఆ పేరు చెప్పి డబ్బు గుంజేవాడు అప్పట్లో లేడంతే.

నీ ఖరీదుకి రెండు కిలోల గింజలొచ్చేవి తెలుసా! కరువు నేల రైతు బస్తా పట్టుకుని మార్కెట్ యార్డులో ఎండకి నిలబడాలి, ఇంకో కరువు నేల నీళ్లు మోసుకొచ్చిన నీకేమో ఏసీలో అర!

రేపు గ్లాసులో శెనక్కాయ పాలే పోస్తాను. ఏ దేశపు సరుకని అడిగితే కళ్యాణదుర్గం అంటాను.

ఇట్లు,
ఒక మేనత్త