ఎగుమతికో కొలత, ఇంటి కారానికో కొలత

దేశంలో నమోదు కాని పురుగుమందుల అవశేషాలు సుగంధ ద్రవ్యాల్లో ఎంతవరకు ఉండవచ్చన్న పరిమితిని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 ఏప్రిల్‌లో కిలోకు 0.01 మిల్లీగ్రాము నుంచి 0.1 మిల్లీగ్రాముకు పెంచింది. విమర్శలు చెలరేగడంతో, మన ప్రమాణాలు ప్రపంచంలోనే కఠినమైనవని, అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ పరిమితులు కొన్ని ఇంతకన్నా ఎక్కువేనని వివరణ వచ్చింది. ఆ వివరణలో నిజం లేకపోలేదు. కానీ ఇక్కడ అమ్మడానికే అనుమతి లేని మందు మసాలా దినుసుల్లోకి ఎలా చేరుతోందన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఆ ప్రశ్న తెలుగువారికి మరీ దగ్గరిది. దేశంలోనే పేరుమోసిన మిర్చి యార్డు గుంటూరులో ఉంది. సుగంధ ద్రవ్యాల బోర్డు పరీక్షశాల కూడా అక్కడే ఉంది. ఐరోపాకు వెళ్లే సరుకులో, ప్రత్యేక పరిమితి లేని మందు 0.01 మిల్లీగ్రాము దాటితే అక్కడివారు ఒప్పుకోరు. భారత మిరపపై సరిహద్దుల్లో అదనపు తనిఖీలూ పెట్టారు. అందుకే ఎగుమతిదారులు అవశేషాలు తక్కువున్న పంటను ఏరి, పరీక్ష చేయించి పంపుతారు. పరీక్షలో నిలవని సరుకును ఎవరూ పారబోయరు. అది మన ఊరి కారం మిల్లుకు, మన పచ్చళ్లకు వస్తుంది. ఆ సరుకు ఎంత, అందులో ఏముంది అన్న లెక్క జనం ముందు ఎవరూ పెట్టరు.

మిరప విషయంలో ఇంకో చిక్కుంది. కూరగాయలను కడుగుతాం, తొక్క తీస్తాం. ఎండుమిర్చిని కడిగి కారం పట్టించేవారు అరుదు. పైగా పండుకాయ కల్లంలో ఎండి నీరు పోయేకొద్దీ మందు అవశేషం ఉన్నంత ఉండి బరువు తగ్గుతుంది కనుక కిలోకు లెక్కగడితే దాని మోతాదు పెరుగుతుంది. ఒక్కో మందుకు విడివిడిగా పరిమితి పెట్టిన వ్యవస్థ, ఒకే కాయలో నాలుగైదు మందులు కలిసినప్పుడు ఏమవుతుందో పెద్దగా పట్టించుకోదు. ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల పనితీరుకు కీలకమైన ఎంజైమును అడ్డుకుంటాయి. డీడీటీ, ఎండోసల్ఫాన్ వంటి ఆర్గానోక్లోరిన్లు తేలిగ్గా విచ్ఛిన్నం కావు. మట్టిలో నిలిచి కొవ్వులో చేరతాయి, తల్లిపాలలోనూ కనిపిస్తాయి. కేరళలోని కాసరగోడ్ జీడిమామిడి తోటలపై ఏళ్ల తరబడి ఎండోసల్ఫాన్ చల్లిన తర్వాత 2011లో గానీ సుప్రీంకోర్టు దాన్ని దేశవ్యాప్తంగా ఆపలేదు. బాధితులకు అయిదేసి లక్షల పరిహారం ఇవ్వమని 2017లో మళ్లీ ఆ కోర్టే చెప్పాల్సి వచ్చింది.

మన దగ్గరి ఉదాహరణ ఏలూరు. 2020 డిసెంబరులో వందల మంది మూర్ఛతో ఆసుపత్రులకు చేరారు, ఒకరు మరణించారు. ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనుగొంది. ప్రభుత్వానికి అందిన నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపాయి. ఏలూరు అంతలా కుదిపాక కూడా ఏ పట్టణంలో ఏ కూరగాయలో ఏ మందు ఎంత దొరికిందో నెలనెలా ప్రకటించే ఏర్పాటు రాకపోవడం క్షమించరానిది.

ఇందులో రైతును దోషిగా నిలబెట్టడం సులువు, అన్యాయం కూడా. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను తుడిచిపెట్టినప్పుడు అప్పుచేసి సాగుచేసిన కౌలు రైతు ఎవరు ఏ డబ్బా ఇస్తే అది కొట్టాడు. వ్యవసాయాధికారి కన్నా మందుల దుకాణం దగ్గర. సలహా, సరుకు, అప్పు మూడూ అక్కడే దొరుకుతాయి. ‘బయో’ పేరుతో అమ్మే సీసాల్లో రసాయనాలు కలుపుతున్నారన్న ఫిర్యాదులు పాతవే. కోతకు ఎన్ని రోజుల ముందు మందు ఆపాలో చెప్పే చీటీని చిన్న అక్షరాల్లో అచ్చువేసి రైతు చదవలేదనడం ఎంతవరకు సబబు?

పురుగుమందులపై నేటికీ 1968 నాటి చట్టమే ఆధారం. దాని స్థానంలో 2008లో, 2020లో బిల్లులు రాజ్యసభ ముందుకొచ్చినా ఏదీ చట్టం కాలేదు. పార్లమెంటు కదిలేదాకా రాష్ట్రాలు చేతులు ముడుచుకోనక్కరలేదు. గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డులకు వచ్చే మిర్చిని సీజన్ పొడవునా నమూనాలు తీసి పరీక్షించి, మందుల పేర్లతో సహా ఫలితాలను తెలుగులో యార్డు గేటు దగ్గరే పెట్టాలి. అవశేషాలు తక్కువున్న సరుకుకు ఎగుమతిదారు ఇచ్చే అదనపు ధర స్థానిక కొనుగోళ్లలోనూ రైతుకు దక్కేలా మార్కెటింగ్ శాఖ చూడాలి. నమోదు కాని మందు ఎక్కడ దొరికినా ముందు దుకాణం లైసెన్సు, ఆ తర్వాత తయారీదారు లైసెన్సు రద్దు కావాలి.