దాసన్నపేట సాన

(విజయనగరం, దాసన్నపేటలో ఒక పెరటి అరుగు. తమ్ముడు బాసింపట్టు వేసుకుని నాన్నగారి గడ్డం కత్తి నూరుతున్నాడు. అప్ప చాటలో బియ్యం ఏరుతోంది. పైడితల్లి అమ్మవారి పండగ దగ్గరపడింది; ఆ రోజు పూజారి కూర్చున్న పొడవైన మాను, సిరిమాను, గుడి నుంచి కోట దాకా ఊరేగుతుంది. ఇద్దరికీ అరవై దాటాయి, నోరు మాత్రం ఎవరికీ తగ్గలేదు.)

అప్ప: సిరిమాను కోట దాకా మూడుసార్లు వెళ్ళి వచ్చేస్తుంది గానీ, నీ కత్తి ఆ రాయి దిగేలా లేదురా.

తమ్ముడు: పండగ ముందురోజు, తొలేళ్ళ నాటికి తయారవుతుందిలే.

అప్ప: సోమవారం దాటితే మాత్రం ముట్టుకోకు. మంగళవారం, అందులోనూ పైడితల్లి పండగ పూట, ఈ ఇంట్లో క్షవరం జరగడానికి వీల్లేదు. ఇంతకీ తెగుతోందా అది?

తమ్ముడు: తెగడం కాదప్పా, సమానంగా తెగాలి. ఇటు చూడు. అంచున మెరిసే చార రెండు చివర్లా వెడల్పుగా ఉంది, నడుమ సన్నబడిపోయింది. కత్తిలోనే ఏదో లోపం.

అప్ప: పిడి దగ్గర సోలింగెన్ అని ముద్ర ఉందని నిన్న వీధంతా చూపించావు కదా! ముద్ర జర్మనీదే. చెయ్యే దాసన్నపేటది.

తమ్ముడు: నా చేతికేం? వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనించి, అంచు ముందుండేలా తోస్తున్నాను. చివర వెన్ను మీదుగా తిప్పుతున్నాను. ఇటు ఎన్నిసార్లో అటూ అన్నే. వాలు ఎంత ఉండాలో వెన్ను మందమే చూసుకుంటుంది. మనం తెలివి చూపించే పనే లేదు.

అప్ప: అయితే నీకు తగిన పనే. మరి ఆ మోచెయ్యి ఎందుకలా బిగుసుకుపోయింది? నొక్కితే పల్చని ఉక్కు వంగుతుంది. కత్తి బరువే చాలనేవారు నాన్నగారు.

తమ్ముడు: నీకెలా తెలుసు?

అప్ప: చెంబుతో నీళ్ళు పట్టుకుని పక్కన నిలబడ్డది నేను. నువ్వు వీధిలో గోళీలాడుతున్నావు.

తమ్ముడు: సరే, నొక్కను. ఇదిగో, అంచుకు మార్కరు సిరా పూస్తున్నాను. రాయి తగిలిన చోట చెరుగుతుంది, తగలని చోట ఉండిపోతుంది.

అప్ప: ఆవకాయ జాడీల మీద రాసే మార్కరు అది!

తమ్ముడు: (వినిపించుకోకుండా) చూశావా! చివర్లు చెరిగాయి, నడుమ సిరా అలాగే ఉంది. చెయ్యి మంచిదే. రాయి మీదే నాకు అనుమానం.

(అప్ప మౌనం. ఆ ఇంట్లో ఇది అరుదు. తమ్ముడు రాయి మీద పెన్సిలుతో అడ్డగీతలూ నిలువుగీతలూ గీసి, అద్దం మీద పరిచిన తడి ఉప్పుకాగితంపై బోర్లించి రుద్దుతాడు.)

అప్ప: ఆ అద్దం టీపాయిది కదూ? పగిలిందా, నీ పెన్షన్లో కోస్తాను.

తమ్ముడు: (రాయి తిప్పి) గీతలు అంచుల్లో పోయాయి, నడుమ పోలేదు. గుంట! ఇంకా కొత్త రాయి, ఇంత గుంటా? నున్నటి ఆరువేల నంబరు వైపు బాగానే ఉంది, గరుకుగా ఉండే వెయ్యి నంబరు వైపే... అప్పా, మన కత్తిపీట ఈమధ్య కందను కూడా చులాగ్గా కోసేస్తోందేమిటి?

అప్ప: సానరాయి ఉన్నది సాన పట్టడానికి కాదా? పూజలో పెట్టుకోవడానికా?

తమ్ముడు: నడుమ ఒక్కచోటే అరగదీశావు!

అప్ప: రాయంతా పాడుచెయ్యకు అని అరిచింది నువ్వు. అందుకే ఒక్కచోటే రుద్దాను.

తమ్ముడు: ఇకనుంచి కత్తిపీట నేనే నూరుతాను.

అప్ప: ఆ మాటకోసమే చూస్తున్నాను. సొరకాయల కత్తి కూడా ఉంది, పక్కన పెడతాను.

(గీతలన్నీ చెరిగేదాకా రాయిని చదును చేసి, మళ్ళీ నూరాడు. ఈసారి సిరా కొస నుంచి పిడి దాకా ఒక్క వరసలో చెరిగింది. తోలుపట్టీ మీద వెన్ను ముందుండేలా లాగి, ఎడమచెయ్యి చాచాడు.)

అప్ప: ఆ చేతి మీద ఇంకేం మిగిలిందిరా? వారం నుంచి పదును చూసి చూసి నున్నగా చేశావు. కుడిది చూడు.

తమ్ముడు: అదీ నున్నగానే ఉంది. కాళ్ళున్నాయిలే.

అప్ప: లుంగీ దించు! ఎదురింటి కోడలు ముగ్గు మానేసి చూస్తోంది.