రీల్స్‌లో గుడ్డ వెనక్కి తిప్పి చూపించరేం?

"ఫుట్ తీసేయండి, పళ్ళు దించేయండి, రింగు బిగించి నచ్చినట్టు తిప్పండి, అంతే!" ఫ్రీ మోషన్ ఎంబ్రాయిడరీ, అంటే కుట్టు మిషన్ మీద గుడ్డని మన చేత్తో జరుపుతూ పువ్వులూ తీగలూ కుట్టడం, దాని మీద ఏ రీల్ చూసినా ఇదే పాట. 30 సెకన్లలో గులాబీ పూసేస్తుంది. ఆ "అంతే" వినీ వినీ ఒళ్ళు మండి రాస్తున్నా.

మామూలు కుట్టులో గుడ్డని జరిపేది మనం కాదు, గుడ్డని నొక్కి పట్టే ఫుట్ కింద ఉండే పళ్ళు. కుట్టు పొడవు సమంగా వచ్చేది వాటి వల్లే. వాటిని దించేశాక సూది ఒక్కచోటే పైకీ కిందకీ ఆడుతుంటుంది, గుడ్డ జరపడం మొత్తం మన చేతుల మీద పడుతుంది. కంప్యూటర్ వర్క్‌లో ఆ పని డిజైన్ ఫైల్ ప్రకారం మిషనే చేసుకుంటుంది. ముగ్గు వేసేటప్పుడు నేల కదలదు, చెయ్యి కదులుతుంది కదా? ఇక్కడ పిండి ఒక్కచోటే రాలుతుంటే మనం నేలని జరిపి ముగ్గు తేవాలి. పైగా కాలు ఒక వేగం, చెయ్యి ఒక వేగం. రెండూ కుదిరితేనే కుట్టు. దీన్ని పట్టుకుని "అంతే" ఏమిటి?

అసలు కోపం ఇంకోటుంది. ఒక్కరంటే ఒక్కరు గుడ్డని వెనక్కి తిప్పి చూపించరు. కొత్తగా కుట్టినవాళ్ళకి పైన వంకరో టింకరో ఏదో పువ్వులా ఉంటుంది. వెనక మాత్రం దారం ఉండలు కట్టి ప్లేటు కింద ఇరుక్కుంటుంది. లాగితే గుడ్డ రాదు. ఇక అందరూ కింది దారం ఉండే బాబిన్ కేసు మీద పడి స్క్రూ తిప్పేస్తారు. పాపం బాబిన్ ఏం చేసింది? కింద చిక్కు పడిందంటే చాలావరకు లోపం పైనే. మామూలు ఫుట్ బదులు ఈ పనికి వాడే డార్నింగ్ ఫుట్ పెట్టాక అది గుడ్డని గట్టిగా నొక్కదు కాబట్టి ఫుట్ లివర్ దించినా దించకపోయినా ఒకటే అనిపిస్తుంది. కానీ లివర్ పైకి ఉన్నంతసేపూ పై దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్ళలు విడిపోయి ఉంటాయి. పై దారానికి పట్టు లేక కిందకి జారి గుట్ట పడుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక మిషన్‌ని రిపేరుకి మోసుకెళ్ళినవాళ్ళు నాకు తెలుసు.

లివర్ దించి కుట్టాక మళ్ళీ వెనక చూడండి. నేరుగా పోయినచోట కుట్టు శుభ్రంగా ఉంటుంది. ఒంపు తిరిగినచోట పై దారం చిన్న చిన్న ఉచ్చులుగా, అన్నీ ఒకే పక్కకి ఒరిగి కనిపిస్తుంది. ఒంపు దగ్గర చెయ్యి తొందరపడిందన్నమాట. అదే పైవైపు బాబిన్ దారం చుక్కలు చుక్కలుగా తేలితే పై టెన్షన్ ఎక్కువైనట్టు. ఒక అంకె తగ్గించి చూడాలి. ఏ టీచరూ చెప్పనంత వివరంగా చెబుతుంది ఆ వెనకవైపు. దాన్నే దాచేస్తారు.

"ఫుట్ తీసేయండి" అన్న సలహా మీద కూడా నాకు పేచీ ఉంది. ఇండస్ట్రియల్ జిగ్‌జాగ్ మిషన్ మీద కారీగర్లు ఫుట్ లేకుండానే కుడతారు. మోకాలితో లివర్ నొక్కుతూ కుట్టు వెడల్పు పెంచుతూ తగ్గిస్తూ ఆకు చివర సన్నగా తేల్చేస్తారు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ వాళ్ళకి పొద్దున్నుంచి రాత్రి దాకా అదే పని. కొత్తవాళ్ళు ఫుట్ పీకేస్తే సూదితో పాటు గుడ్డా లేచి కుట్లు తప్పుతాయి, వేలు సూది కిందకి పోయే ప్రమాదం సరేసరి. మిషన్ సామాన్ల షాపులో మీ మోడల్‌కి సరిపోయే డార్నింగ్ ఫుట్ అడిగి తెచ్చుకోండి.

దీనికోసం కొత్త మిషన్ కొనాలా అంటే, నన్నడిగితే వద్దు. మూలన పడున్న నల్ల తొక్కుడు మిషనే నయం. వేగం మన కాలి చెప్పుచేతల్లో ఉంటుంది, మోటారు పెడల్ కొత్తలో ఒకటే పరుగు. పళ్ళు దిగని పాత మోడలైతే కుట్టు పొడవు సున్నాకి పెట్టండి. అవి పైకీ కిందకీ ఆడతాయే తప్ప గుడ్డని లాగవు.

మొదటే గులాబీ వద్దు, నెమలి అసలే వద్దు. పాత కాటన్ దుప్పటి రెండు పొరలు, మధ్యలో క్యాన్వాస్, 14 నంబరు సూది, మామూలు కాటన్ దారం. చాక్‌పీస్‌తో చుక్కలు పెట్టి మెలికల ముగ్గు కుట్టండి. గీత తెగదు కాబట్టి మాటిమాటికీ ఆపి దారం కత్తిరించే బాధ ఉండదు. రింగు మాత్రం చేతి కుట్టుకి బిగించినట్టు కాదు, తలకిందులుగా బిగించాలి. గుడ్డ మిషన్ బల్లకి ఆనాలి. మొదలుపెట్టేముందు చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పి కింది దారం పైకి లాగి, రెండు కొసలూ పట్టుకోండి. జరీ దారం జోలికి ఇప్పుడే పోకండి. సూది కంట్లో రాసుకుని పీచులు పీచులుగా విడిపోతుంది.

"మగ్గం వర్క్ నేర్చుకుంటే జాకెట్టుకి వేలల్లో వస్తాయి కదా, ఇదెందుకే?" అని మా పిన్ని గొడవ. నిజమే, డబ్బు కోసమైతే మగ్గమే నేర్చుకోవాలి. ఇందులో రెండు ఆకులు ఒకేలా రావు, నాకు నచ్చిందే అది. ఒకేలా కావాలనుకునేవాళ్ళకి ఊరినిండా కంప్యూటర్ వర్క్ షాపులున్నాయి. ఇంత వాదించాక, మొన్న పిన్నే తన కాటన్ చీర కొంగు మీద తీగ వెయ్యమంది. టెన్షన్ గుడ్డ గుడ్డకీ మారుతుంది, ముందు అదే చీర జాకెట్టు ముక్కలో మిగిలింది ఏదైనా ఇవ్వు, కుట్టి చూస్తానన్నా. ముక్క పాడుచేస్తావని ఇవ్వనంది. చీర మాత్రం ఇచ్చి వెళ్ళింది.