బయోఫిల్మ్ మెంబ్రేన్ రియాక్టర్లను దేనికోసం ఎంచుకోవాలి?

మురుగును బ్యాక్టీరియాతో శుద్ధి చేసి సన్నని పొర గుండా వడకట్టే మెంబ్రేన్ బయోరియాక్టర్‌కు బయోఫిల్మ్‌ను, అంటే ఏదైనా ఉపరితలానికి అంటుకుని పెరిగే బ్యాక్టీరియా పూతను, జోడిస్తే వడపోత పొరలు పూడుకుపోయే బెడద తీరుతుందన్న వాదన మురుగునీటి శుద్ధి రంగంలో తరచూ వినిపిస్తోంది. ఆ జోడింపును నేనూ సమర్థిస్తాను, కానీ అందుకు కారణం వేరు.

1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ వెలుగులోకి తెచ్చిన యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతిలో, మలినాలను తిన్న బ్యాక్టీరియా బురదగా అడుగుకు చేరేదాకా నీటిని తేర్చాలి. మెంబ్రేన్ బయోరియాక్టర్‌లో ఆ పనిని అరమైక్రాను కన్నా సన్నని రంధ్రాలున్న పొర చేస్తుంది. స్థలం కలిసివస్తుంది, నీరు తేటగా వస్తుంది. అయితే లీటరుకు 8 నుంచి 12 గ్రాముల బురద ఉండే ఆ చిక్కని ద్రవంలో ఆక్సిజన్ సులువుగా కరగదు. పైగా పొర మీద మడ్డి పేరుకోకుండా గాలి బుడగలతో కడుగుతూ ఉండాలి కాబట్టి విద్యుత్ వాడకం పెరుగుతుంది.

బయోఫిల్మ్ రకంలో తొట్టెలో చిన్న ప్లాస్టిక్ క్యారియర్లు వేస్తారు. వాటి గోడలకు బ్యాక్టీరియా అంటుకుని పెరుగుతుంది. నా దృష్టిలో ఈ పద్ధతి అసలు విలువ నైట్రోజన్ తొలగింపులో ఉంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అదనపు బురదను బయటికి తోడేసినప్పుడు కూడా క్యారియర్లను పట్టుకున్న భాగం తొట్టెలోనే మిగులుతుంది. ఆక్సిజన్ బయోఫిల్మ్‌లోకి మిల్లీమీటరులో కొద్ది వంతు లోతుకే చొరబడుతుంది కనుక, పై భాగంలో తయారైన నైట్రేట్, తగినంత కర్బన ఆహారం అందితే, లోపలి భాగంలో నైట్రోజన్ వాయువుగా మారిపోతుంది. రెండు దశల పని చాలావరకు ఒకే తొట్టెలో జరగడం చిన్న లాభమేమీ కాదు.

పూడిక సంగతి ఇంత సూటిగా ఉండదు. బ్యాక్టీరియా క్యారియర్లకు అంటుకోవడం వల్ల తేలియాడే బురద తగ్గితే ద్రవం పలచబడుతుంది, నిజమే. కానీ రంధ్రాలను మూసేది బురద ఒక్కటే కాదు. బ్యాక్టీరియా విడిచే ప్రొటీన్లు, పాలిసాకరైడ్లు (చక్కెర గొలుసులతో ఏర్పడే పదార్థాలు), అడుగుకు చేరకుండా నీటిలోనే ఉండిపోయే అతిసన్నని కొలాయిడ్ రేణువులు అంతకన్నా మొండివి. బురద ముద్దలు ఆ సన్నని రేణువులను తమలో చిక్కించుకుంటాయి. ముద్దలే లేకపోతే అవి నేరుగా పొరను చేరతాయి. ప్రయోగాల్లో కొన్నిచోట్ల పూడిక తగ్గినట్టు, మరికొన్నిచోట్ల పెరిగినట్టు తేలడానికి ఇదొక ముఖ్య కారణం.

కాబట్టి కొంత తేలియాడే బురదను కావాలనే ఉంచడం, క్యారియర్ల రాపిడికి బోలు దారాల పొరలు (సన్నని గొట్టాల్లాంటి దారాలుగా ఉండే వడపోత పొరలు) దెబ్బతినకుండా వాటిని జాలీతో వేరుచేసిన తొట్టెలో పెట్టడం మేలని నా అభిప్రాయం. కొనుగోలుదారులు సరఫరాదారులను అడగాల్సింది కూడా ప్రయోగశాలలో కృత్రిమ మురుగుపై వచ్చిన ఫలితాలను కాదు. అసలు మురుగుతో అన్ని రుతువుల్లోనూ నడిపినప్పుడు పూడికను సూచించే, పొరకు ఇరువైపులా ఉండే పీడన వ్యత్యాసం ఎలా మారిందో, రసాయనాలతో ఎన్నిసార్లు కడగాల్సి వచ్చిందో చూపే లెక్కలను అడగాలి.