రెక్కకు కాపలా, తీగకు గొడ్డలి

పాపువా న్యూ గినీలోని ఓరో రాష్ట్రంలో తప్ప మరెక్కడా బతకని క్వీన్ అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్ ప్రపంచంలోకెల్లా పెద్ద సీతాకోకచిలుక. ఆడదాని రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు పాతిక సెంటీమీటర్లు దాటుతుంది. 1906లో ఆల్బర్ట్ మీక్ అనే సేకరణకర్త దాన్ని తుపాకీతో కాల్చి నేలకు దించాడు. మరుసటి ఏడాది దానికి బ్రిటన్ రాణి పేరు పెట్టారు. ఆ నేల మనుషులు దాన్ని ఏమని పిలిచేవారో అడిగినవారు లేరు.

నూరేళ్లు దాటినా అదే ధోరణి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధిస్తూ 1987లో ఈ జాతిని, అరుదైన అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు మొదటి జాబితాలో చేర్చారు. వల వేసేవాడిని ఆపడానికి అది అవసరమే. గొడ్డలి పట్టినవాడిని మాత్రం ఆ జాబితా ఆపలేదు.

ఈ సీతాకోకచిలుక ప్రాణం ఒక తీగలో ఉంది. మన పల్లెల్లో పాముకాటుకు వాడిన ఈశ్వరి తీగకు అది దగ్గరి చుట్టం. ఆ తీగ విషం తిని పెరిగిన గొంగళిపురుగును పక్షులు ముట్టవు. వేరే ఆకు అది తినదు. పెద్ద చెట్లు లేనిచోట ఆ తీగ పాకదు. 1951 జనవరిలో ఓరోలోనే ఉన్న లామింగ్టన్ అగ్నిపర్వతం పేలి దాదాపు మూడు వేల మందిని బలిగొంది, సుమారు 250 చదరపు కిలోమీటర్ల అడవిని మాడ్చేసింది. ఆ బూడిదలోంచి అడవి మళ్లీ మొలిచింది. అక్కడి పొపొండెటా మైదానంలో అడవి కొట్టి వేసిన ఆయిల్‌పామ్ తోటల్లో మాత్రం మొలవదు.

అక్కడ భూమిలో అత్యధిక భాగం వంశాల ఉమ్మడి ఆస్తి. గెలలు అమ్మితే చేతికి డబ్బు వస్తుంది; తీగను కాపాడిన కుటుంబానికి ఏమీ రాదు. మరికొన్ని బర్డ్‌వింగ్ జాతులను గ్రామస్థులు పెంచి చట్టబద్ధంగా అమ్ముకునే ఏర్పాటు అదే దేశంలో, బులోలో అనే పట్టణం కేంద్రంగా 1978 నుంచీ ఉంది. ఈ పెద్ద జాతికి కూడా, లెక్క తప్పకుండా, ప్రభుత్వ సంస్థ ద్వారా మాత్రమే ఆ దారి తెరవాలన్నది మా అభిప్రాయం. దొంగ రవాణాకు అది ముసుగవుతుందన్న భయం అర్థం చేసుకోదగినదే. కానీ దొంగ వ్యాపారం నిషేధం నీడలోనూ సాగింది. అందులో గ్రామానికి దక్కిందేమీ లేదు. అడవిని నిలుపుకోవాలన్న పట్టుదల అక్కడివారికి లేదనలేం. ఓరోలోని మనగలాస్ పీఠభూమి ప్రజలు ఏళ్ల తరబడి శ్రమించి, 2017లో దాదాపు 3,600 చదరపు కిలోమీటర్లను రక్షిత ప్రాంతంగా ప్రకటింపజేసుకున్నారు.

మనకూ ఇందులో పాత్ర ఉంది. ప్రపంచంలో పామాయిల్‌ను అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం మనదే. అందులో అధిక భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. కానీ ఆగ్నేయాసియా నుంచి న్యూ గినీ దాకా అడవిని తోటగా మార్చే ధరను నిర్ణయించేది మనలాంటి కొనుగోలుదారులే. గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో ఆయిల్‌పామ్ వేస్తున్న మన రైతు మీద ఈ నింద మోపడం తగదు. అతను పండిస్తున్నది పొలంలో. అడవి కొట్టిన నేల సరుకును అడ్డుకునేందుకు ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది, అమలును మాత్రం వాయిదా వేస్తూ వచ్చింది. కేంద్రం ఆ వాయిదాల కోసం ఎదురుచూడనక్కరలేదు. కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగే ప్రతి ముడి పామాయిల్ ఓడా అది ఏ తోట గెలలదో, ఆ తోట ఎప్పుడు వేసిందో తెలిపే పత్రంతోనే రావాలని ఆదేశించాలి.